దూలగొండి పందిరి

పోయిన నెల కరీంనగర్ దగ్గరి ఒక బడికి నన్ను పిలిచారు. ఉద్యోగాలు చేసుకునే యువతీయువకులు కొందరు ఆదివారాలు అక్కడికి వచ్చి, ఎవరూ అడక్కుండానే, ఆ బడి పిల్లలతో కూరగాయల తోట పెట్టిస్తున్నారు. బడి వెనక ఒకప్పుడు చెత్త పోసిన జాగాలో ఇప్పుడు బెండ, టమాట, పాలకూర మడులున్నాయి. నేను వెళ్లిన పొద్దున ఒక చిన్నపిల్ల తన మడి ముందు కూర్చుని ఏడుస్తోంది. రోజూ చూసుకుంటున్న టమాట పండును ఎవరో తెంపుకుపోయారట. తోట చూసుకునే అమ్మాయి మంచి మనసున్నది. ఆ పిల్ల తల నిమిరి, "పోనీలే బంగారూ, ఇంకోటి కాస్తది. తీసుకున్నోళ్లను మాఫ్ చేసెయ్" అంది. పిల్ల సరేనని తల ఊపింది గానీ ఆ కళ్లలో సరే అన్న మాట లేదు. తర్వాత నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. ఎరువు గురించి, నీళ్ల గురించి చెప్పాను. మాఫ్ చెయ్యడం గురించి మాత్రం నా నోటినుంచి ఒక్క మాట రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ పిల్ల చూపు నన్ను వదల్లేదు. ఆ వయసులో నాకూ ఒక తోట ఉండేది. దాన్ని నాశనం చేసిన మనిషీ ఉండేవాడు. అతన్ని నేను అప్పుడూ మాఫ్ చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యలేదు.

మాది ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గుగనుల ఊరు. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినా మా కాలనీలో పెద్దవాళ్లు ఆఫీసర్లను దొరలనే పిలిచేవారు. బాపు హుస్నాబాద్ పక్క పల్లెనుంచి, వానలు పడక, గనికి వచ్చాడు. మా వరస క్వార్టర్లలో ఒక గోడకటు గోరఖ్‌పూర్ వాళ్లు, ఇటు నాందేడ్ వాళ్లు, వెనక ఒరిస్సా వాళ్లు ఉండేవారు. పొద్దున సైరన్ మోగకముందే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవారు. పచ్చిబొగ్గు పొగ నేల మీదనే పాకి గడపలు దాటి లోపలికొచ్చి మా పక్కబట్టల్లో చేరేది. ఆ పొగ వాసన, అవ్వ, అంటే మా అమ్మ, కాల్చే జొన్నరొట్టె వాసన కలిసి వస్తేనే నాకు తెల్లారినట్టు. బాపు షిఫ్టు దిగి వస్తే కళ్లు, పళ్లు తప్ప మనిషి కనపడేవాడు కాదు. వాకిట్లో బండమీద కూర్చుంటే అవ్వ వేడినీళ్లు పోసేది, నేను కొబ్బరిపీచుతో వీపు రుద్దేదాన్ని. నల్లటి నీళ్లు మోరీలోకి పోయేవి. ఎంత రుద్దినా బాపు చెవుల వెనక, గోళ్ల చివర నలుపు అలాగే ఉండేది. తిండికి జొన్నలకు, మక్కలకు లోటు లేదు గానీ కూర అనేది అంగడి రోజున మాత్రమే కనపడేది. మిగతా రోజులు ఉల్లిగడ్డ, కారం, పచ్చిపులుసు.

ఆ కాలనీలోకి సులోచనాబాయి వచ్చింది. బొగ్గు బావిలోకి మనుషులను దింపే యంత్రం నడిపే ఆపరేటర్ భార్య. చాందా వైపు మనిషి, మరాఠీ ఆమె ఇంటి మాట. పిల్లల్లేరు. తొమ్మిది గజాల చీర గోచి పోసి కట్టుకుని, చెప్పుల్లేకుండా, వీధి మధ్యలో పొడుగాటి అంగలు వేస్తూ నడిచేది. ఆడవాళ్లు ఆమెను చూసి మొదట్లో నవ్వుకున్నారు. గనిలోంచి పైకి తోడే నీళ్లు ఒక కాలువగా మా క్వార్టర్ల వెనకనుంచి వాగులోకి పోయేవి. ఆ కాలువ పక్కన రాళ్లూ బొగ్గు బూడిదా పోసిన దిబ్బ ఒకటుండేది. ఒకరోజు బాయి గడ్డపార పట్టుకుని ఆ దిబ్బ మీద తవ్వడం మొదలుపెట్టింది. మేం పిల్లలం చుట్టూ చేరి చూస్తున్నాం. "అగ పోరీ, నిలబడి చూస్తే నీ కాళ్లే నొస్తయి. రాళ్లు ఏరు" అంది నన్ను చూసి. ఏరాను. నా పక్కన జబీన్ ఏరింది. జబీన్ వాళ్ల అబ్బాజాన్ గని దీపాలు సరిచేసేవాడు, మా ఎదురు వరసలో ఉండేవారు. ఆ రోజునుంచి బడి వదలగానే మేమంతా అక్కడే. కొన్నాళ్లకు గోరఖ్‌పూర్ ఇంటామె ఎరువు గంపలు మోసుకొచ్చింది, ఒరిస్సా ఇంటామె గుమ్మడి గింజలు తెచ్చింది. ఎవరికీ ఎవరి భాషా సరిగ్గా రాదు. చేతులతో చూపించుకునేవారు, పని మాత్రం ఆగేది కాదు.

ప్రతి పిల్లకూ ఒక మడి. ఎవరి మడికి వాళ్లే నీళ్లు పోయాలి. మొదటి కాయ ఎవరు పండిస్తే వాళ్లు దాన్ని పైకెత్తి తమ పేరు గట్టిగా చెప్పాలి, అప్పుడే తెంపాలి. అది బాయి పెట్టిన నియమం. మా చెల్లె లచ్చవ్వకు రేచీకటి ఉండేది. పొద్దుగూకగానే గోడలు తడుముకుంటూ నడిచేది, పళ్లెం ఎక్కడుందో వేళ్లతో వెతుక్కునేది. బాయి అది గమనించి, "ఈ బిడ్డకు పొన్నగంటి కూర, మునగాకు రోజూ పెట్టు" అని అవ్వకు చెప్పి, నా మడిలో సగం పొన్నగంటే పెట్టించింది. అవ్వ పప్పులో, పులుసులో, రొట్టెపిండిలో కూడా ఆ ఆకు కలిపేది. ఒక సాయంత్రం అవ్వ దీపం ముట్టించక ముందే లచ్చవ్వ వాకిట్లోకి నడిచొచ్చి, "అవ్వా, నీ కొంగు కాలుతది, పొయ్యి మీద పడ్డది" అంది. అవ్వ కొంగు తీసుకోవడం మరిచి లచ్చవ్వనే చూస్తూ ఉండిపోయింది. ఆ తోట మాకు ఆట కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తోటలో పెంచేవాటితో పాటు ముట్టకూడనివి కూడా బాయి చూపించేది. వాగు ఒడ్డున పొదల మీద ఒక తీగ అల్లుకుని ఉండేది. దాని కాయలు బంగారు రంగు నూగుతో మఖ్మల్ గుడ్డలా మెరిసేవి. జబీన్ చెయ్యి చాపితే బాయి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "దూలగొండి! ఆ నూగు తగిలితే తోలు ఊడేదాక గోక్కుంటవు. నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది. పేడ రుద్దాలె, అంతే." తర్వాత కర్రతో కాయ విప్పి, లోపలి నల్లటి గింజను చూపించింది. గింజ మంచిదేనట, మందుల్లో వాడతారట.

ఇక ఆ మనిషి. కాలనీకి సానిటరీ ఇన్స్పెక్టర్ కిషన్‌రావు. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, చేతిలో బెత్తం, ఆయన వెంట ఫినాయిల్ వాసన. మోరీలు బాగుచేయించడం, మందు చల్లించడం ఆయన పని. దొరల క్లబ్బు తోట కూడా ఆయన కిందే ఉండేది. మొక్కల గురించి ఆయనకు ఏమీ తెలియదని మాకు త్వరగానే అర్థమైంది. గోంగూరను చూసి బెండ అన్నాడు. కానీ క్లబ్బులో ఏటా చలికాలం జరిగే పూల, కూరగాయల ప్రదర్శనలో కప్పు మాత్రం ఆయనకే రావాలి. మేనేజరు దొర భార్య, దొరసాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మేడం, అంతా నా స్వయం కృషి" అనేవాడట. క్లబ్బు తోటమాలి మల్లయ్య ఎంత చేసినా ఆ నోట మల్లయ్య పేరు రాలేదు. పైగా ఒకసారి అందరి ముందు మల్లయ్యను చెంపమీద కొట్టాడు.

ఆ ఏడు నా మడిలో గుమ్మడి పాదు పెట్టాను. కాయ పిందెగా ఉన్నప్పుడే మేకుతో నా పేరు చెక్కుకొమ్మని బాయి నేర్పింది. 'రాజి' అని చిన్నగా చెక్కాను. కాయతో పాటు అక్షరాలూ పెరిగాయి. గాయం మానిన చోట తోలు తెల్లగా గరుకుగా లేచి, చివరికి నా జానెడంత అయ్యాయి. రోజూ బడికి పోయేముందు నా పేరు మీద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి పాదు మీద కాయ లేదు. జబీన్ పెంచిన బంతిపూలు లేవు. ఒరిస్సా పిల్ల పెంచిన కాలిఫ్లవర్లు లేవు. ఇన్స్పెక్టర్ తన మనుషులతో వచ్చి కోసుకుపోయాడని బాయి చెప్పింది. ఆమె అడ్డం పడితే, "కంపెనీ జాగల కాసింది కంపెనీదే" అన్నాడట.

మర్నాడు ప్రదర్శన జరుగుతుంటే జబీన్, నేను క్లబ్బు కంచె దగ్గరికి పోయాం. లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద నా గుమ్మడికాయ ఉంది. దాని ముందు అట్టముక్క మీద కిషన్‌రావు పేరుంది. నా పేరున్న వైపు గోడకు తిప్పి పెట్టారు. దొరసాని దాని మీద చెయ్యి వేసి మెచ్చుకుంటోంది. నేను కంచె పట్టుకుని అరిచాను. "గది నాది! గా కాయ నాది! ఎనక నా పేరున్నది, తిప్పి చూడుండ్రి!" అందరూ నావైపు తిరిగారు. దొరసాని ఏమిటని అడిగింది. కిషన్‌రావు నవ్వాడు. "నా తోటల నీళ్లు పోసే కూలిపిల్ల, మేడం. జర మెంటల్" అన్నాడు. దొరసాని అయ్యో అన్నట్టు నావైపు చూసి, పక్క బల్ల దగ్గరికి నడిచింది. ఆ కాయను తిప్పి చూడటానికి ఒక్క చెయ్యి చాలు. ఏ ఒక్కరూ తిప్పలేదు.

బాయి ఊరుకోలేదు. మర్నాడు కంపెనీ ఆఫీసు ముందు, షిఫ్టు మారే వేళ, మనుషులు గుంపుగా ఉన్నచోట అతన్ని నిలదీసింది. "పిల్లల చేతిలోంచి గుంజుకుని కప్పు ఎత్తినవు. సిగ్గు లేదా?" అని అడిగింది. అతను బెత్తంతో తన బూటు తట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఎండలు ముదిరాక తెలిసింది అతని జవాబు. కాలువకు అడ్డంగా రాళ్లు పెట్టించి, సిమెంటు పూయించి, నీళ్లను క్లబ్బు పచ్చిక వైపు మళ్లించాడు. మేం నల్లా నీళ్లు బకెట్లతో మోసుకొస్తే, తాగే నీళ్లు చెట్లకు పోస్తారా అని బకెట్లు గుంజుకున్నాడు. రేగిన దుమ్ములో తోట మా కళ్లముందే మాడిపోయింది. పొన్నగంటి కూర ముందు పోయింది, తర్వాత వంగ, చివరికి మునగ మొక్కలు. ఆ వెంటనే బాయి భర్తకు దూరపు గనికి బదిలీ వచ్చింది. స్టేషన్లో బాయి ఏడవలేదు. రేకుపెట్టె మీద కూర్చుని, మా తలలు ఒక్కొక్కటీ దగ్గరికి లాక్కుని వాసన చూసింది. రైలు కదిలాక కిటికీలోంచి ఏదో అంది, మరాఠీలో. ఆ మాట నాకు వినపడలేదు. ఆ మాటను కూడా కిషన్‌రావు ఖాతాలోనే వేశాను.

ఇంట్లో నేను తిండి మానేసి మూలన కూర్చుంటే అవ్వ భయపడింది. "ఊకో బిడ్డా. మనం గనోళ్లం. ఆయన ఒక్క మాటంటే మీ బాపు కొలువు పోతది" అంది. బాపు నల్లబడ్డ గోళ్లకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ గోళ్లు చూసినప్పుడు నాలో పగ నాటుకుంది. అది ఏడుపు కాదు. ఏడుపు అయితే పోయి ఉండేది. వాగు ఒడ్డున, పోయిన చలికాలం దూలగొండి కాయలు రాలిన చోట, జబీన్ వాళ్ల ఇంటి పట్కారుతో గింజలు ఏరాం. చేతులకు గోనెగుడ్డ చుట్టుకున్నాం. "దొరికితే?" అంది జబీన్. "దొరకం. పోరగాండ్లను ఎవలు జూస్తరు?" అన్నాను. కంచె దగ్గర నేను నేర్చుకున్నది అదే మరి, మమ్మల్ని ఎవరూ చూడరని.

క్లబ్బులో కిషన్‌రావు ఇనుప పైపులతో కొత్తగా ఒక పందిరి వేయించాడు. వచ్చే ప్రదర్శనకు పెద్దలంతా దానికింద కూర్చోవాలని. దాని మొదట్లో నాటించిన కాగితంపూల తీగ ఎండకు చచ్చిపోయింది. మిరుగం కార్తె తొలివానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, క్లబ్బులో అందరూ తిని కునికే వేళ, మేం కంచె కిందనుంచి దూరి ప్రతి పైపు మొదట్లోనూ గింజలు పెట్టాం. బాయి నేర్పినట్టే పెట్టాం. రాత్రంతా నానబెట్టి, వేలు లోతున గుంట తీసి, మట్టి మెత్తగా కప్పి, దోసిలితో నీళ్లు పోశాం. ఆ తోటలో నేర్చుకున్న చదువంతా అక్కడ వాడాను.

తీగ లేచింది. వానాకాలమంతా పెరిగి పందిరిని కప్పేసింది. ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడాయి. మల్లయ్య దాన్ని పోల్చకుండా ఎలా ఉంటాడు? ఒకరోజు కంచె ఇవతల ఉన్న మమ్మల్ని చూశాడు, పందిరి వైపు చూశాడు, మళ్లీ మమ్మల్ని చూశాడు.  మల్లయ్య తలపాగా సర్దుకుని, డబ్బాతో ఆ తీగకే నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. ఇన్స్పెక్టర్ వచ్చి, "ఇదేం తీగరా?" అని అడిగితే, "మీకు తెల్వనిది నాకేం తెలుస్తది సారూ" అన్నాడట. ఇంకేం కావాలి? దొరసాని పూలు చూసి ముచ్చటపడితే, హైదరాబాదులోని పెద్ద తోటనుంచి గింజలు ప్రత్యేకంగా తెప్పించి తన చేత్తో నాటానని కిషన్‌రావు చెప్పాడు. అది మల్లయ్య మాకు చెప్పినప్పుడు జబీన్, నేను చేతులు పట్టుకుని గంతులేశాం.

ప్రదర్శన రోజున నీరెండ కాస్తోంది, గాలి ఉంది. పందిరి కింద కుర్చీల్లో దొరలు, దొరసానులు, బయటినుంచి వచ్చిన పెద్దాఫీసరు కూర్చున్నారు. తలల మీద ఎండిన కాయలు బంగారు గుత్తుల్లా మెరుస్తున్నాయి. కిషన్‌రావు ఏదో చెబుతూ, చెయ్యి చాపి, ఒక గుత్తిని వొట్టిచేత్తో విరిచి పెద్దాఫీసరుకు అందించాడు. తీగంతా ఊగింది. ఎండలో సన్నని నూగు దిగడం కంచె దగ్గరున్న మాక్కూడా కనిపించింది.  తర్వాత ఒకరు మెడ గోక్కున్నారు. ఒక దొరసాని మోచేయి గోక్కుంది. ఆపైన కుర్చీలు పడ్డాయి. కోట్లు విప్పారు, కేకలు లేచాయి. కిషన్‌రావు రెండు చేతులూ ముఖానికి రాసుకున్నాడు, దాంతో కళ్ల చుట్టూ కూడా అంటింది. ఎవరో బకెట్టు నీళ్లు తెచ్చి కుమ్మరించారు. అప్పుడు మొదలైంది అసలు గోల. మల్లయ్య బండ్లు ఆగే చోటునుంచి ఎడ్లపేడ గంపతో నెమ్మదిగా నడిచొచ్చాడు. "దూలగొండికి గిదే దవా సారూ" అంటూ కిషన్‌రావు ఇస్త్రీ చొక్కా మీద, మెడమీద, చెంపల మీద పట్టించాడు. రెండు చెంపలకూ బాగా పట్టించాడు.

మేనేజరు దొర గోక్కుంటూనే, "ఎవరు పెట్టారు దీన్ని?" అని అరిచాడు.  ఎవరు పెట్టారో కిషన్‌రావు అందరికీ ముందే చెప్పుకున్నాడు. దొరసాని ఆయన వైపే చూస్తోంది. ఆ నెల తిరక్కుండానే దూరపు గనికి బదిలీ అయ్యాడు. ఆనాడు పందిరి కింద కూర్చున్నవాళ్లలో ఏ పాపం తెలియనివాళ్లు కూడా ఉన్నారు కదా అని ఒకరిద్దరు నన్ను అడిగారు. ఉండొచ్చు. కాయను తిప్పి చూడనివాళ్లు కూడా ఉన్నారు. నాకు జాలి కలగలేదు. ఆ రాత్రి అవ్వ పెట్టిన రొట్టెలు ఇంకా కావాలని అడిగి తిన్నాను.

ఇప్పటి పిల్లల తోటలకు పైపులున్నాయి, కంచెలున్నాయి, ఫోటోలు తీసేవాళ్లున్నారు. ఆ ఊళ్లో ఇప్పుడు క్వార్టర్లూ లేవు, దిబ్బా లేదు, బొగ్గు కోసం భూమినంతా తలకిందులు చేశారు. పిల్లలకు అప్పటికంటే మెరుగైన రోజులివి, కాదనను. కానీ ఒక పిల్ల నాది అని ఏడ్చినప్పుడు, ఆ కాయను తిప్పి చూద్దామని లేచే మనిషి అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. మాఫ్ చెయ్యమని చెప్పేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటారు.

నేను టీచరునై మెట్‌పల్లిలో పనిచేస్తున్న కొత్తలో, ధర్మపురి జాతరకు వెళ్లాను. గోదావరి మెట్ల మీద ఒక ముసలాయన చుట్టూ యాత్రికులు కూర్చుని పడిపడి నవ్వుతున్నారు. గొంతు విని ఆగిపోయాను. కిషన్‌రావు. మనిషి చిక్కిపోయాడు, చేతిలో బెత్తం బదులు ఊతకర్ర ఉంది. "గా దొరలకు బుద్ధి చెప్పాలె అనుకున్న. దూలగొండి గింజలు దెచ్చి నా చేతులతోని పందిరికి పెట్టిన. ఒక్కొక్కడు ఎట్ల ఎగిరిండనుకున్నరు!" అంటున్నాడు. మా పగను కూడా తనదిగా చెప్పుకుంటున్నాడు. 

నేను వెళ్లి ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. "గింజలు మీరు పెట్టలే సారూ. నేను పెట్టిన. నేను, జబీన్" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కళ్లు చికిలించి చూశాడు. "నువ్వెవలు బిడ్డా? నాకేం జేసినవ్? ఎందుకు?" అన్నాడు. నటన కాదు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. దురద గుర్తుంది, పేడ గుర్తుంది. తోట గుర్తులేదు, బాయి గుర్తులేదు. ఆయన లేవబోతుంటే ఊతకర్ర అందుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. మొదటినుంచీ చెప్పాను. బాయి తవ్విన దిబ్బ, లచ్చవ్వ కళ్లు, మూసిన కాలువ, గుంజుకున్న బకెట్లు, రైలు కిటికీ, అన్నీ చెప్పాను. యాత్రికులెవరూ కదల్లేదు. పొద్దు వాలి నీళ్లు ఎర్రబడేదాకా చెప్పాను. ఆయన తల దించుకుని విన్నాడు.

చివరికి రెండు చేతులూ జోడించాడు. "ఒంట్ల సత్తువుండె, అధికారముండె. తప్పయింది బిడ్డా. మాఫ్ చెయ్యి."

నేను లేచి ఊతకర్ర ఆయన చేతికిచ్చాను. "నన్నడిగితే ఏమొస్తది సారూ? సులోచనాబాయిని అడుగుండ్రి."

"ఆమె యాడున్నది?" అన్నాడు ఆశగా.

"నాకూ తెల్వదు" అన్నాను. "ఊరూరా తిరిగి దేవులాడుకోండ్రి." బస్సు వేళయిందని మెట్లెక్కి వచ్చేశాను.